మీరు లేనిచోట మీ తరఫున మాట్లాడే కాగితం



వేసవిలో పరీక్షా ఫలితాలు వచ్చాయంటే మా హోసూరులో జిరాక్సు అంగళ్ళ ముందు ఏటా ఒకే దృశ్యం కనిపిస్తుంది. బాగలూరు నుంచి, బేరికె నుంచి, తళి నుంచి, డెంకణికోట నుంచి బస్సు దిగిన పిల్లలు చేతిలో ప్లాస్టిక్ ఫైళ్ళు పట్టుకుని వరసగా నిలబడి ఉంటారు. "అన్నా, ఒక రెజ్యూమే వేసియ్యన్నా" అంటారు. అంగడాయన కంప్యూటరులో అంతకు ముందే ఉన్న ఎవరిదో కాగితం తెరుస్తాడు. పేరు మారుస్తాడు, మార్కులు మారుస్తాడు, పది ప్రతులు తీసి చేతిలో పెడతాడు. అయిదు నిమిషాల పని.

రెండేళ్ళ కిందట నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి అలాంటి కాగితమే తెచ్చి చూపించింది. బీకాం పూర్తిచేసింది. సిప్కాట్ పారిశ్రామికవాడలో ఒక కంపెనీ లెక్కల విభాగంలో సహాయకులు కావాలని ప్రకటన వస్తే దరఖాస్తు పెడుతోంది. నేను చదవడం మొదలుపెట్టాను. పైన ఇంగ్లీషులో నాలుగు వరసల పొడుగున్న ఒక వాక్యం. ఆ వాక్యానికి అర్థమేమిటని అడిగితే ఆ అమ్మాయికి తెలియదు. కష్టపడి పనిచేయడం, నాయకత్వ లక్షణాలు, ఆశావహ దృక్పథం అని బలాల జాబితా. అభిరుచుల దగ్గర క్రికెట్ అని ఉంది. "నువ్వు క్రికెట్ ఆడతావా అమ్మా?" అన్నాను. "లేదు సార్" అంది. అట్టడుగున సంతకం పక్కన స్థలం చెన్నై అని ఉంది. "చెన్నై ఎప్పుడు పోయినావు?" అంటే "ఎప్పుడూ పోలేదు సార్" అని నవ్వింది. "మరి ఇందులో నీది ఏముంది?" అన్నాను. ఆ నవ్వు ఆగిపోయింది. కాసేపు ఆలోచించి, "పేరూ, మార్కులూ సార్" అంది.

ఈనాటి నా ప్రసంగం ఆ అమ్మాయి ఇచ్చిన జవాబు గురించే. ఉద్యోగానికి పంపే స్వపరిచయ పత్రంలో, అంటే మనం బయోడేటా అనీ రెజ్యూమే అనీ పిలిచే కాగితంలో, మీది అనదగింది ఎంత ఉండాలి, దాన్ని ఎలా రాయాలి అన్నది మాట్లాడుకుందాం. ఉద్యోగాలకు సిద్ధమవుతున్న యువతీ యువకులు, వాళ్ళ అమ్మానాన్నలు కొంచెం ఓపికతో వినాలని నా మనవి.

ముందుగా మాట అర్థం తెలుసుకుందాం. రెజ్యూమే అన్నది ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. సంగ్రహంగా చెప్పినది అని దాని అర్థం. కరికులం వీటే అని ఇంకొక మాట వింటుంటాం. అది లాటిన్. జీవితం నడిచిన దారి అని స్థూలంగా చెప్పుకోవచ్చు. కళాశాల అధ్యాపకులు, పరిశోధకులు తమ చదువూ రచనలూ అన్నీ వివరంగా చెప్పుకునేది కరికులం వీటే. మన పిల్లలకు కావలసింది రెజ్యూమే. అంటే సంగ్రహం. కొత్తగా ఉద్యోగంలో చేరేవారికి ఒక్క పేజీ చాలు. పదేళ్ళు పనిచేసినవారికి రెండు పేజీలు.

ఆ పేజీని చదివే మనిషిని ఒకసారి ఊహించుకోండి. ఆయన బల్లమీద అలాంటి కాగితాలు వందల్లో ఉంటాయి. ఆయన మిమ్మల్ని చూడలేదు, మీ గొంతు వినలేదు. మీ వినయం, మీ చురుకుతనం, మీ ఇంటి మర్యాద ఏవీ ఆయనకు తెలియవు. మీరు లేనిచోట మీ తరఫున మాట్లాడేది ఆ ఒక్క కాగితమే. ఇంటర్వ్యూకు పిలవాలా, పక్కన పెట్టాలా అన్నది దాన్ని బట్టే తేలుతుంది. ఆయన మనసులో ఉండే ప్రశ్న కూడా ఒకటే. "నాకు కావలసిన పని ఈ మనిషి చేయగలడా? చేయగలడనడానికి గుర్తు ఏమిటి?" మీరు రాసే ప్రతి వరసా ఆ ప్రశ్నకు జవాబు కావాలి. జవాబు కాని వరస ఎంత అందంగా ఉన్నా దానికి అక్కడ పని లేదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. సుమారు 1482లో ఇటలీ దేశపు లియొనార్డో డావించి మిలాన్ నగరాన్ని ఏలుతున్న లుడొవికో స్ఫోర్జాకు కొలువు కోరుతూ ఒక ఉత్తరం సిద్ధం చేశాడు. లోకమంతా చిత్రకారుడని చెప్పుకునే ఆయన, ఆ ఉత్తరంలో మొదట రాసింది చిత్రకళ గురించి కాదు. తేలిగ్గా మోసుకుపోయే వంతెనలు కట్టగలను, కోటలను ముట్టడించే యంత్రాలు చేయగలను, ఫిరంగులు చేయగలను అని వరసగా చెప్పాడు. బొమ్మలు వేయడం, శిల్పాలు చెక్కడం గురించి చివరన ప్రస్తావించాడు. అవతలి ప్రభువుకు ఆ రోజుల్లో కావలసింది ఏమిటో తెలుసుకుని దాన్ని ముందు పెట్టాడు. మనం నేర్చుకోవలసింది అదే. ప్రకటనను రెండుసార్లు చదవండి. వాళ్ళు అడిగిన పనుల్లో మీరు చేసినవి ఏవో గుర్తు పెట్టుకోండి. వాటిని పైకి తీసుకురండి. కాబట్టి ఒకే కాగితాన్ని పది ప్రతులు తీసి పది కంపెనీలకు ఇవ్వడం సరైన పద్ధతి కాదు. ప్రతి చోటికీ రెండు మూడు వరసలైనా మార్చాలి.

ఇక ఒక్కొక్క భాగంగా చూద్దాం.

మొదటిది పేరు. పేరు రాయడంలో కష్టమేముంది అనుకుంటారేమో. సరిహద్దు ప్రాంతపు తెలుగువాళ్ళకు అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల్లో ఇంటిపేరు ముందు రాస్తారు. తమిళనాడులో ఇంటిపేరు రాసే ఆచారం లేదు. తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని పొడి అక్షరంగా ముందు పెడతారు. మన పిల్లల బడి రికార్డుల్లో పేర్లు ఈ పద్ధతిలోనే ఉంటాయి. పాన్ కార్డు దరఖాస్తులో మాత్రం పొడి అక్షరాలు ఒప్పుకోరు, తండ్రి పేరు పూర్తిగా రాయాలి. అందువల్ల ఒకే మనిషికి మార్కుల పట్టికలో ఒక పేరు, పాన్ కార్డులో ఇంకొక పేరు ఏర్పడుతుంది.

దీనికి తోడు లిపి తెచ్చే చిక్కు ఒకటుంది. తమిళ లిపిలో క, గ అనే రెండు ధ్వనులకూ ఒకే అక్షరం. త, ద లకు ఒకటే. ప, బ లకు ఒకటే. ఇంట్లో మనం గంగాధర అని పిలుచుకునే పిల్లవాడి పేరు తమిళంలో రాసి, దాన్ని చూసి మరొకరు ఇంగ్లీషులోకి ఎక్కించేసరికి కంగాదరన్ అయి కూర్చుంటుంది. వెంకటేశు వెంకటేశన్ అవుతాడు. ఉద్యోగంలో చేరే రోజున కాగితాలు సరిచూసే గుమాస్తాకు వీళ్ళిద్దరూ ఒకరేనా అన్న అనుమానం వస్తుంది. అందుచేత స్వపరిచయ పత్రంలో మీ పేరు పదో తరగతి మార్కుల పట్టికలో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి. తక్కిన కాగితాల్లో తేడా ఉంటే ఉద్యోగం వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే సరిచేయించుకోండి. పేరు మార్పును రాష్ట్ర ప్రభుత్వ గెజిట్‌లో ప్రకటింపజేసే పద్ధతి ఉంది.

పేరు కింద ఫోను నంబరు, ఈమెయిలు, ఉండే ఊరు. ఫోను మీదే అయి ఉండాలి, మోగితే ఎత్తేదై ఉండాలి. మా పిల్లల్లో కొందరు నాలుగు నెలలకొకసారి సిమ్ కార్డు మారుస్తారు. కంపెనీవాళ్ళు పిలిచే వేళకు ఆ నంబరు ఇంకెవరి చేతిలోనో ఉంటుంది. ఇక ఈమెయిలు చిరునామా. పదో తరగతిలో సరదాగా హీరో పేరు కలిపి పెట్టుకున్న చిరునామాను ఉద్యోగానికి వాడకండి. మీ పేరుతో ఒకటి కొత్తగా తెరవండి, దానికి డబ్బు అక్కరలేదు. తెరవడమే కాదు, రోజూ చూడండి.

రెండవది ప్రారంభ వాక్యం. అంగడి కాగితంలో నాలుగు వరసల పొడుగున ఉండేది ఇదే. అది లేకపోయినా నష్టం లేదు. రాస్తే మాత్రం సూటిగా రాయండి. నేను ఎవరిని, ఏం చదివాను, ఏ పని తెలుసు, ఏ ఉద్యోగం కోరుతున్నాను. ఇంతే. మీకు అర్థం కాని ఇంగ్లీషు మాట ఒక్కటి కూడా అందులో ఉండకూడదు. ఇంటర్వ్యూలో ఆ మాట గురించే అడిగితే ఏం చెబుతారు?

మూడవది చదువు. చివర పూర్తిచేసినది ముందు, పదో తరగతి చివర. పరీక్ష పేరు, సంస్థ, ఏడు, మార్కుల శాతం ఉంటే చాలు. ఐటీఐ చదివినవారు తమ ట్రేడు పేరు స్పష్టంగా రాయాలి. ఫిట్టరా, టర్నరా, ఎలక్ట్రీషియనా అన్నది చదివేవారికి వెతక్కుండా కనబడాలి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఎక్కడైనా శిక్షణ పొందితే ఎక్కడ, ఏ విభాగంలో, ఎన్నాళ్ళు అన్నది తప్పక రాయండి. చాలామంది దాన్ని ఉద్యోగం కాదుగదా అని వదిలేస్తారు. పొరపాటు. కర్మాగారంవాళ్ళు ముందు చూసేది దాన్నే.

నాలుగవది అన్నిటికన్నా ముఖ్యమైనది. మీరు చేసిన పని. ఇక్కడే మన పిల్లలు "నేనేం చేశాను సార్, ఇప్పుడే కదా చదువు ముగిసింది" అంటారు. ఆ బీకాం అమ్మాయి కూడా అదే అంది. అప్పుడు నేను కాగితం పక్కన పెట్టి, పొద్దున లేచింది మొదలు ఏం చేస్తావో చెప్పమన్నాను.

శ్రోతలకు తెలిసే ఉంటుంది, హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో గులాబీ తోటలు ఎక్కువ. ఆ అమ్మాయి నాయనకు చిన్న పూల వ్యాపారం. తెల్లవారుజామున రైతులు పూలు తెస్తే తూకం వేసేది ఈ అమ్మాయి. ఎవరికి ఎంత బాకీ, ఎవరి దగ్గర ఎంత రావాలి అని పుస్తకంలో రాసేది ఈ అమ్మాయి. బెంగళూరు మార్కెట్టు వ్యాపారులతో ఫోనులో కన్నడంలో ధర మాట్లాడేది ఈ అమ్మాయి. వారానికొకసారి లెక్క తేల్చి డబ్బు పంచేదీ ఈ అమ్మాయే. మూడేళ్ళుగా, కాలేజీకి పోతూనే. "ఇదంతా ఎందుకు రాయలేదు?" అన్నాను. "ఇంటి పని కదా సార్, ఎవరైనా నవ్వుతారు" అంది.

చూశారా? లెక్కల విభాగంలో ఉద్యోగానికి పోతూ మూడేళ్ళు లెక్కలు రాసిన సంగతి దాచిపెట్టింది. ఆడని క్రికెట్ రాసింది.

మేమిద్దరం కూర్చుని దాన్ని తిరగరాశాం. "కష్టపడి పనిచేస్తాను" అన్న మాట తీసేశాం. దాని బదులు, "మూడేళ్ళుగా మా కుటుంబ పూల వ్యాపారంలో సుమారు 30 మంది రైతుల రోజువారీ తూకం, చెల్లింపు లెక్కలు రాశాను, వారం వారం బాకీలు సరిచూసి తేల్చాను, బెంగళూరు వ్యాపారులతో కన్నడంలో ధరలు మాట్లాడాను" అని రాశాం. కష్టపడే స్వభావం ఉందని విడిగా చెప్పవలసిన అవసరం ఇక లేదు. చదివేవారే గ్రహిస్తారు. ఇక్కడ మూడు సంగతులు గమనించండి. ఒకటి, వాక్యంలో క్రియ ఉంది. రాశాను, తేల్చాను, మాట్లాడాను. రెండు, అంకె ఉంది. మూడు, ఆ పని మనం కోరే ఉద్యోగానికి దగ్గరగా ఉంది.

ఇదే పద్ధతి అందరికీ పనికివస్తుంది. ఫిట్టరు చదివిన అబ్బాయి "యంత్రాలంటే ఆసక్తి" అని రాయడం కన్నా, "వెర్నియర్ కాలిపర్, మైక్రోమీటర్‌తో కొలతలు తీయగలను, డ్రాయింగు చూసి పని చేయగలను" అని రాస్తే మేలు. పెళ్ళయి, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక మళ్ళీ ఉద్యోగం వెతుక్కునే తల్లులు ఉన్నారు. మధ్యలో పదేళ్ళ ఖాళీని ఎలా దాచాలా అని బాధపడతారు. దాచకండి. "2012 నుంచి 2022 దాకా కుటుంబ బాధ్యతలు" అని ఒక్క వరస రాయండి. ఆ పదేళ్ళలో మహిళా స్వయం సహాయక సంఘంలో పొదుపు లెక్కలు రాసి ఉంటే, బ్యాంకుకు వెళ్ళి అప్పు కాగితాలు నడిపించి ఉంటే, ఇంటి దగ్గర బట్టలు కుట్టి ఉంటే అది రాయండి. అది పని కాకపోతే మరేది పని?

ఐదవది భాషలు. ఈ విషయంలో నా సొంత అనుభవం ఒకటి చెప్పక తప్పదు.

ఇరవై ఏళ్ళ కిందట నేను బీఎడ్ పూర్తిచేసి ఒక ప్రైవేటు బడికి దరఖాస్తు పెట్టుకున్నాను. భాషలు అన్న చోట తమిళం, ఇంగ్లీషు అని మాత్రమే రాశాను. తెలుగు రాయలేదు. అది నా తల్లి భాష. చదవడం, రాయడం కూడా వచ్చు. అయినా రాయలేదు. తెలుగువాడినని తెలిస్తే నా తమిళం మీద అనుమానపడతారేమోనని లోపల ఒక జంకు. నా పేరు చూస్తే తమిళుడిదో తెలుగువాడిదో తెలియదు. పొడి అక్షరం చాటున నేను హాయిగా దాక్కున్నాను. ఉద్యోగం రాలేదు. కొన్నాళ్ళకు ఆ బడిలో పనిచేసే ఒకాయన మాటల్లో చెప్పాడు. పల్లెల నుంచి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది తెలుగు మాట్లాడేవాళ్ళు, వాళ్ళతో మాట్లాడగలిగే మాస్టరు ఒకరు కావాలని యాజమాన్యం వెతికిందట. కాగితంలో తెలుగు వచ్చని రాసినవారికి ఆ ఉద్యోగం ఇచ్చారట. తప్పు ఆ బడిది కాదు. వాళ్ళకు కావలసింది నా దగ్గర ఉంది, దాన్ని నేనే చేతులారా దాచాను.

అప్పటినుంచి నా విద్యార్థులకు ఈ మాట చెబుతూనే ఉన్నాను. సరిహద్దులో పుట్టిన మనకు దేవుడిచ్చిన ఆస్తి భాషలు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం, పుస్తకంలో ఇంగ్లీషు. టైటాన్ గడియారాలు, టీవీఎస్ మోటారు సైకిళ్ళు, అశోక్ లేలాండ్ లారీలు తయారయ్యే మా ఊళ్ళో ఎన్నో రాష్ట్రాల మనుషులు పక్కపక్కన నిలబడి పనిచేస్తారు. అక్కడ నాలుగు భాషలు తెలిసిన మనిషి విలువ చెప్పనక్కరలేదు. బళ్ళారిలో ఉన్నవారికి, బరంపురంలో ఉన్నవారికి, యానాంలో ఉన్నవారికి కూడా ఇదే వర్తిస్తుంది. భాషల పేర్లు మాత్రం మారుతాయి.

అయితే ఇక్కడ కూడా నిజమే రాయాలి. మాట్లాడటం, చదవడం, రాయడం అని మూడు గళ్ళుగా విడదీయండి. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. ఆ ఏడు ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక తరగతి చొప్పున పైకి పోతూ 2015-16కి పదో తరగతిని చేరింది. అందువల్ల పాత తరంవాళ్ళకు తెలుగు రాయడం వచ్చినంతగా ఇప్పటి పిల్లల్లో చాలామందికి రాదు. మాట్లాడటం మాత్రమే వస్తే మాట్లాడటం అని రాయండి. అందులో చిన్నతనం లేదు. కన్నడం చదవడం రాకపోతే రాదు. ఫోనులో ధర మాట్లాడగలరు కదా, అది రాయండి. తెలుగు అక్షరాలు రానివారు మాత్రం ఈ వేసవిలో ఇంట్లో అవ్వ దగ్గరో తాత దగ్గరో కూర్చుని నేర్చుకోండి. మరుసటి ఏడు ఆ గడి కూడా నింపుకోవచ్చు.

ఇక రాయకూడనివి చూద్దాం. ప్రైవేటు కంపెనీకి పంపే పత్రంలో కులం, మతం, ఎత్తు, బరువు, తండ్రి ఆదాయం అవసరం లేదు. ప్రభుత్వ ఉద్యోగాలకు వేరే దరఖాస్తు ఫారం ఉంటుంది, అందులో అడిగినవి అడిగినట్టు నింపాలి. ఆధార్ సంఖ్య ఎన్నడూ రాయకండి. ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుందో మనకు తెలియదు. అవసరమైనప్పుడు అడుగుతారు. అప్పుడు కూడా చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడే ఆధార్ ప్రతి ఒకటి దొరుకుతుంది, దాన్ని ఇవ్వవచ్చునేమో అడిగి చూడండి.

అబద్ధం అసలే వద్దు. నీతి సంగతి అలా ఉంచి, లౌక్యంగా చూసినా అది నష్టమే. మార్కులు పెంచి రాస్తే అసలు పట్టిక చూపించే రోజు వస్తుంది. ట్యాలీ వచ్చని రాస్తే కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ఒక వోచరు ఎక్కించమంటారు. అప్పుడు చెమటలు పట్టడం కన్నా, "ట్యాలీ నేర్చుకుంటున్నాను" అని ముందే రాయడం గౌరవం. ఉద్యోగంలో చేరిన తరువాత అబద్ధం బయటపడితే ఆ ఉద్యోగమూ పోతుంది, పేరూ పోతుంది.

ఈమధ్య ఇంకొక సౌకర్యం వచ్చింది. ఫోనులో నాలుగు మాటలు చెబితే కృత్రిమ మేధ క్షణాల్లో పత్రం తయారుచేసి ఇస్తోంది. అక్షర దోషాలు దిద్దుకోవడానికి, ఇంగ్లీషు వాక్యం సరిచేసుకోవడానికి దాన్ని నిరభ్యంతరంగా వాడుకోండి. కానీ మీరు తెల్లవారుజామున పూలు తూచిన సంగతి దానికి తెలియదు. మీరు చెప్పకపోతే అది కూడా అంగడాయన చేసిన పనే చేస్తుంది. అందరికీ సరిపోయే మాటలు కుట్టి ఇస్తుంది. అందరికీ సరిపోయేది ఎవరికీ సరిపోదు. విషయం మీరు ఇవ్వండి, దిద్దడం దానికి వదలండి.

పత్రం చూడటానికి ఎలా ఉండాలి? తెల్ల కాగితం, నల్ల అక్షరాలు, చుట్టూ కొంచెం ఖాళీ. రంగుల అంచులు, పూల బొమ్మలు వద్దు. ఫొటో అడిగితేనే పెట్టండి. దీనికి ఇంకొక కారణం కూడా ఉంది. పెద్ద కంపెనీల్లో చాలాచోట్ల మనిషికన్నా ముందు కంప్యూటరు ఈ పత్రాలను చదివి వడపోస్తుంది. బొమ్మలు, డబ్బాలు, వంకర అక్షరాలు ఉంటే అది సరిగా చదవలేకపోవచ్చు. ప్రకటనలో వాళ్ళు వాడిన పని పేర్లనే, మీకు నిజంగా వచ్చినంతవరకు, మీరూ వాడండి.

ఈమెయిల్లో పంపేటప్పుడు కాగితాన్ని ఫోనుతో ఫొటో తీసి పంపకండి. పీడీఎఫ్‌గా చేసి పంపండి. ఆ ఫైలుకు మీ పేరే పెట్టండి. విషయం అన్న గడిలో ఏ ఉద్యోగానికో రాయండి. ఖాళీ ఉత్తరానికి పత్రం తగిలించి పంపడం, ఎదురింటికి వెళ్ళి పలకరించకుండా గుమ్మంలో నిలబడటం లాంటిది. మూడు చిన్న పేరాలు రాయండి. ప్రకటన ఎక్కడ చూశారు, ఆ పనికి మీరు ఎందుకు తగుదురు, ఇంటర్వ్యూకు ఎప్పుడు రాగలరు. అంతే.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. మీ పత్రం నలుగురి చేతుల్లో పడ్డాక, ఉద్యోగం వచ్చింది, రిజిస్ట్రేషన్‌కో యూనిఫారానికో ఇంత డబ్బు కట్టండి అని ఫోను రావచ్చు. ఉద్యోగం ఇస్తామంటూ మన దగ్గర ముందుగా డబ్బు అడిగారంటే అక్కడే అనుమానించండి. ఒక్క రూపాయి కూడా పంపకండి. ఒకవేళ మోసపోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఇలాంటి ఆన్‌లైన్ మోసాలపై ఫిర్యాదులకు దేశమంతటికీ ఉన్న నంబరు అది.

పత్రం పూర్తయ్యాక ఒక పని చేయండి. గట్టిగా చదవండి. మీ అమ్మకో నాయనకో అర్థం తెలుగులో చెప్పండి. ఎక్కడైనా చెప్పలేక ఆగిపోయారంటే ఆ వరస మీది కాదన్నమాట, కొట్టేయండి. మీ అమ్మ విని, "అది మాత్రం నిజమే, ఇంకొకటి మరిచిపోయినావే" అందంటే, ఆ మరిచిపోయింది వెంటనే చేర్చండి. మన గురించి మనకన్నా ఇంట్లోవాళ్ళకు ఎక్కువ గుర్తుంటుంది.

ఆ బీకాం అమ్మాయికి ఉద్యోగం వచ్చిందా అని మీరు అడగవచ్చు. మొదటి కంపెనీలో రాలేదు. కానీ ఇంటర్వ్యూకు పిలిచారు. క్రికెట్ గురించి కాదు, పూల లెక్కల గురించి అడిగారట. "రైతు ఒక లెక్క, నువ్వు ఒక లెక్క చెబితే ఎలా తేలుస్తావు?" అన్నారట. "ఇంట్లో రోజూ జరిగేదే కదా సార్, భయం లేకుండా చెప్పేసినాను" అంది. ఆ తరువాత ఇంకో రెండు చోట్లకు పోయింది. మూడో చోట ఉద్యోగం వచ్చింది. చేరే ముందురోజు మిఠాయి పొట్లంతోపాటు ఆ పాత అంగడి కాగితం కూడా తెచ్చి నా బల్లమీద పెట్టింది. "దీన్ని మీ దగ్గరే పెట్టుకోండి సార్, వచ్చే ఏడు పిల్లోళ్ళకు చూపించండి" అంది. ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. ఏటా చూపిస్తున్నాను.

మీ ఇంట్లోనూ అలాంటి కాగితం ఒకటి ఉండవచ్చు. ఈ సాయంత్రం ఒకసారి బయటికి తీయండి. పేరు, మార్కులు వేలితో మూసిపెట్టి తక్కినది చదవండి. ఇందులో నాది ఏముంది అని అడగండి. ఏమీ లేదని తేలితే దిగులుపడకండి. ఒక తెల్ల కాగితం తీసుకుని, పొద్దున లేచింది మొదలు మీరు చేసే పనులు వరసగా రాయడం మొదలుపెట్టండి.